డాక్టర్ల ముందర ఉతికిన బల్లగుడ్డ

నవ్వం అని మాటిస్తేనే చెప్తాను. సుధాకర్ సారూ, నువ్వు ముందు ఆ టీ గ్లాసు కింద పెట్టు. మధ్యలో నవ్వొస్తే నా చొక్కా మీద ఊస్తావు, మా ఆవిడ ఇంక నా చొక్కాలు ఉతకనని చెప్పేసింది.

మొన్న శుక్రవారం నెల్లూరులో, ఏసీ హాల్లో, నలుగురు పెద్ద డాక్టర్ల ముందర నేను గుడ్డ ఉతికినాను. అవును సార్, ఉతకడమే! బండ లేదు, సబ్బు లేదు, బకెట్టు లేదు. వాళ్ల బల్ల మీద పరిచిన గుడ్డనే పట్టుకొని ఆ బల్లకేసే బాదినాను. దాని మీదుండే బిస్కెట్లూ, పూలబొకే, మైకూ అన్నీ ఒక్కసారి గాల్లోకి లేచినాయి. పెళ్లయి ఇరవై ఏడేళ్లు, ఒక్క జేబురుమాలు ఉతికిన పాపాన పోలా నేను. అట్టాంటోడికి ఆ ఉతుకుడు యాడినుంచి వచ్చిందని అడగండి. అదే చెప్తా ఉండా.

రవణయ్యన్నా, నువ్వు దొరవారిసత్రంలో ఉంటావు, నీకు మొదట్నుంచి తెలీదు కాబట్టి చెప్తాను, విను. నేను ఈ నాయుడుపేట హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. దేవదానం మాస్టారంటే ఆరో తరగతి పిల్లకాయలకి ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది. ఇరవయ్యారేళ్లు ఎండలో నిలబెట్టి చేతులెత్తించినాను. కడుపునొప్పి సార్, కాలు బెణికింది సార్, మా అమ్మ చీటీ రాసింది సార్... ఎన్ని సాకులు విన్నానని! ఒక్కటి నమ్మలేదే! "సాకు చెప్పే నోటికి నొప్పి లేదుగా, ఎత్తరా చెయ్యి!" అనేవాణ్ణి. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, పోనుపోను నాకే తగులుతుంది.

జనవరిలో ఓ ఆదివారం గుడికి పోయొచ్చి బండి స్టాండు వేయబోతే కుడిచెయ్యి నా మాట వినలా. అట్నే వేలాడిపోయింది. మా సలోమి కారు పిలిచి, నన్నెక్కించి, గంటలో నెల్లూరు చేర్చింది. చిన్న స్ట్రోకంట. తొందరగా తెచ్చినారు కాబట్టి సరిపోయింది, కాలికీ నోటికీ ఏం కాలేదు అన్నారు. "నోటికి కూడా రవ్వంత అయ్యుంటే బాగుండు" అనింది మా ఆవిడ. నర్సమ్మ నవ్వింది కానీ, సలోమి ఎగతాళికి అన్లేదని నాకు తెలుసు.

ఇంక అప్పట్నుంచి లీవులో ఉండా. పెద్ద డాక్టరు ఒకే మాట చెప్పినాడు. స్కూలు తెరిచేలోపు చెయ్యి భుజం దాటి పైకి లేవాలి, లేస్తేనే ఫిట్ అని రాసిస్తాను అన్నాడు. రాసిస్తే గ్రౌండు నాది. రాయకపోతే మా హెచ్చెమ్ గారు నాకు లైబ్రరీ తాళాలిచ్చి, విజిలు ఈ సుధాకర్ సారుకి ఇస్తానన్నాడు. లెక్కల సారుకి! కబడ్డీ టీములో ఎంతమందని అడిగితే పుస్తకం తిరగేసే మనిషికి! నువ్వు కోప్పడినా సరే సారూ, నిజం అదే. ఆ గ్రౌండు లేకుండా నేను బతకలేను. లైబ్రరీలో కూచుంటే నాకు వారంలో పిచ్చెక్కుతుంది. అందుకని ఆ చెయ్యి లేవాల్సిందే.

ఫిజియోథెరపీకి హేమలత మేడం అని ఒకమ్మాయి ఉండాది. చూస్తే నా దగ్గర చదువుకున్న పిల్ల మాదిరిగా ఉంటుంది, నోరు తెరిస్తే నన్ను మించిన డ్రిల్లు మాస్టరు. ఆ అమ్మాయి మార్చి నెలలో ఒక పెట్టె తెచ్చి నా ముందర పెట్టింది.

"మాస్టారూ, ఇది తొడుక్కునే రోబో. ట్రయలుకి వచ్చింది. ఆరు వారాలు ఇంట్లో వాడాలి. మీ ఊరికి మొత్తం ఒక్కటే ఇస్తా ఉండాం, అది మీకే" అనింది.

తెరిచి చూస్తే భుజం నుంచి మణికట్టు దాకా బెల్టులు. భుజం కాడొక మోటారు, మోచేతి కాడొక మోటారు. వేళ్లకి గ్లౌజు, నడుముకి బ్యాటరీ. చర్మం మీద అంటించేదానికి జిగురు బిళ్లలు. తొడుక్కుంటే గుర్రానికి జీను కట్టినట్టు అయినాను. సలోమి చూసి "ప్రభువా!" అనింది, అంతే.

"ఇది మీ బదులు చెయ్యి ఎత్తేది కాదు మాస్టారూ" అని మేడం వేలు చూపించి చెప్పింది. "మీరు ఎత్తాలని గట్టిగా ప్రయత్నించాలి. మీ కండలో ఆ ప్రయత్నాన్ని ఈ బిళ్లలు కనిపెడతాయి. అప్పుడు మీకు ఎంత తక్కువైతే అంత సాయం చేస్తుంది. మీరు గమ్మునుంటే అదీ గమ్మునుంటుంది. ఇంకోటి, మీరు రోజూ ఏ పని ఎక్కువగా చేస్తే ఆ పనిని ఇది నేర్చుకుంటుంది. రేపు మీరు మొదలుపెట్టీ పెట్టకముందే అందుకొని నడిపిస్తుంది. అందుకని నేను చెప్పినవే చెయ్యండి. గ్లాసు నోటికాడికి ఎత్తడం, చెయ్యి పైకెత్తడం. రోజుకి మూడొందల సార్లు. లెక్క నా ఫోనుకి వస్తుంది."

మూడొందలు! పిల్లకాయలకి నేను ఎప్పుడూ యాభై దాటి చెప్పలేదు సార్.

మూడు రోజులు చేసినాను. ప్రమాణపూర్తిగా చేసినాను. పళ్లు కొరుక్కొని, చెమట్లు కారి, చెయ్యి నడుం దాకా లేపేసరికి పక్కటెముకలు కూడా గుర్తొచ్చినాయి. ఆ మిషన్లో ఒక ఆడగొంతు ఉండాది, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. నేను ఆగిన ప్రతిసారీ "దయచేసి మరొకసారి ప్రయత్నించండి" అంటుంది. చేస్తే "చాలా బాగా చేస్తున్నారు" అంటుంది. నలభై దాటేసరికి నాకు ఆ గొంతు పీక పిసకాలనిపించింది. పిసికేదానికి చెయ్యి ఏదీ!

నాలుగో రోజు టీవీలో మ్యాచ్ ఉండాది. వందా యాభై మిగిలింది. వంటింట్లో సలోమి చేపలు తోముతా ఉండాది. నా బుర్రలో ఒక ఆలోచన వచ్చింది. అక్కడ మొదలైంది సార్ నా పతనం.

"మేయ్ సలోమీ! రవ్వసేపు ఇది తొడుక్కొని ఆ వందా యాభై కొట్టెయ్యవే" అన్నాను.

"ఏందయా?"

"చెయ్యి పైకెత్తి దించడమే. లెక్క కోసం. ఎవురికి తెలుస్తుంది?"

సలోమి నన్ను పైకీ కిందకీ చూసింది. "పిల్లకాయలు ఇట్టా చేస్తే వీపు మీద ఒకటిచ్చేవాడివి" అనింది.

"నేను పేషెంటునే" అన్నాను. జాలిగా అన్నాను. ఆ జాలి గొంతు నాకు బాగా అలవాటైపోయింది ఈ ఐదు నెలల్లో. మంచినీళ్లు, టీవీ రిమోటు, వీపు గోకడం, అన్నీ ఆ గొంతుతోనే తెప్పించుకునేది.

చేతులు కడుక్కొని వచ్చింది. బెల్టులు బిగించినాను, ఎడమచేత్తోనే. జిగురు బిళ్లలు అంటించినాను. ఆమె చెయ్యి ఎత్తబోయింది. సగం దాకా పోయి మొహం అదోలా పెట్టింది. అంతలో మోటారు గుయ్‌మని చెయ్యి పైకి తీసుకపోయింది. నెత్తి మీదకి!

"ఏమయా!" అనింది. "ఇది భలే ఉండాదే! నొప్పే తెలీలా!"

నొప్పి ఎందుకు తెలియాలి, నీకేం నొప్పి అని అడగాలి కదా మనిషన్నాక? నేను అడగలా. ఓవర్లో ఆఖరి బంతి ఉండాది సార్.

రెండో రోజు నేను అడక్కముందే ఆమె వచ్చి "పెట్టవయా" అనింది. మూడో రోజు అది తొడుక్కొనే పిండి గిన్నె అటక మీదనుంచి దించింది. నేనేమనుకున్నానంటే, పాపం నా మీద ప్రేమ. నా లెక్క పూర్తి చేసేదానికి ఎంత తాపత్రయం! కళ్లల్లో నీళ్లు కూడా తిరిగినాయి. చూడండి ఎంత ఎర్రిపప్పనో.

ఈస్టర్ ముందు వారం మా గుడిలో గుడ్డలన్నీ ఉతకాల. బలిపీఠం మీద పరిచేవి, ప్రభురాత్రి భోజనం బల్లగుడ్డలు, కిటికీల తెరలు, అన్నీ తెల్లవి. స్త్రీల సమాజం వాళ్లు వంతులేసుకుంటారు. ఈ ఏడు వంతు సలోమిది. వాషింగ్ మిషన్లో వేస్తే తెలుపు చస్తుందని ఆమె నమ్మకం. బండకేసి బాదాల, నీలి వెయ్యాల, గంజి పెట్టాల. మూటలు మూటలు వచ్చినాయి ఇంటికి. నేను టీవీ ముందరనుంచి చూస్తే సలోమి రోబో తొడుక్కొని పెరట్లోకి పోతా ఉండాది.

"మేయ్! నీళ్లు పడితే చస్తుంది అది! లోపల మోటార్లుండాయి!"

"తెలుసయ్యా" అని నా పాత రెయిన్‌కోటు చెయ్యి కత్తిరించి దాని మీద తొడిగింది. మోటార్ల మీద బట్టల కొట్టు కవర్లు చుట్టి రబ్బరుబ్యాండ్లు వేసింది.

ఇంక మొదలైంది. సలోమి ఉతుకుడికి ఒక పద్ధతి ఉండాది. గుడ్డ నెత్తి మీదకి లేపి నాలుగు దెబ్బలు. ఆగి, గుడ్డ తిప్పి, మళ్లీ నాలుగు. దాంట్లో మార్పుండదు. ఠాప్, ఠాప్, ఠాప్, ఠాప్. ఆగు. ఠాప్, ఠాప్, ఠాప్, ఠాప్. మధ్యలో రెయిన్‌కోటు లోపల్నుంచి ఆ వార్తల గొంతు "చాలా బాగా చేస్తున్నారు" అంటా ఉండాది. పక్కింటి మస్తానమ్మక్క గోడ మీదనుంచి చూసి "మీ ఇంట్లో ఎవురే, కొత్త గొంతు?" అనింది.

గుడి గుడ్డలు అయిపోయినాయి. తర్వాత మా ఇంట్లో దుప్పట్లు. తర్వాత కర్టెన్లు. తర్వాత నా తెల్ల ప్యాంట్లు, లీవులో ఉండేవాడికి తెల్ల ప్యాంట్లు ఎందుకో నాకూ తెలీదు. ఆఖరికి మస్తానమ్మక్క దుప్పట్లు కూడా! ఐదు వారాలు రోజూ పొద్దున ఉతుకుడే. నేను కుర్చీలో కూచొని టీ తాగుతా లెక్క చూసుకునేది. ఆరొందలు... ఏడొందలు...

హేమలత మేడం ఫోను చేసింది. "మాస్టారూ, సూపర్! మూడొందలు చెప్తే ఏడొందలు చేస్తా ఉండారు! చెయ్యి ఎంతెత్తుకి పోతా ఉండాదో తెలుసా? పూర్తిగా నెత్తి మీదకి!"

"ఏదో మేడం, ఇరవయ్యారేళ్ల క్రమశిక్షణ" అన్నాను. నోట్లో నుంచి ఆ మాట ఎట్టా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. లోపల్నుంచి సలోమి "ఆ!" అని ఒక్క అక్షరం అనింది.

"మీరొక హెల్ప్ చెయ్యాల మాస్టారూ. శుక్రవారం నాడు ఈ మిషన్ తయారుచేసినవాళ్లు, పెద్ద డాక్టర్లు వస్తా ఉండారు. మీ చెయ్యి చూపిద్దాం. మీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా మా పెద్ద డాక్టరుగారు అక్కడే సంతకం పెట్టేస్తానన్నారు."

సంతకం! ఇంక నాకు వేరే ఏమీ వినపడలా. ఒప్పేసుకున్నాను.

ఫోను పెట్టినాక బుద్ధి వచ్చింది. నా చెయ్యి ఎత్తి చూసుకున్నాను. ఎక్కడ వదిలేసినానో అక్కడే ఉండాది, నడుం కాడ. సలోమి గుమ్మంలో నిలబడి చూస్తా ఉండాది.

"చెప్పెయ్యవయా మేడంకి" అనింది. "ఇప్పుడైనా చెప్పెయ్యి."

"నీకు తెలీదు మే. ఆ మిషనే లేపుద్ది. ఏడొందలు చేసి ఉండాది కదా, దానికిప్పుడు బాగా అలవాటై ఉంటుంది. నేను రవ్వ కదిలిస్తే చాలు."

చూడండి, ఇంత తెలివిగా ఆలోచించినాను. ఒక్క అక్షరం తప్పు లేదు దాంట్లో. అలవాటైంది, నిజమే. దేనికి అలవాటైందో ఆలోచించలా, అంతే.

శుక్రవారం కడక్ ఇస్త్రీ తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకొని పోయినాను. సలోమి గంజి పెట్టింది. హాలు నిండా జనం. ముందర పొడుగాటి బల్ల, దాని మీద తెల్లగుడ్డ, పూలబొకే, బిస్కెట్ల ప్లేట్లు, మైకు. నలుగురు డాక్టర్లు. మధ్యలో మా పెద్ద డాక్టరు. ఆయన ముందర ఒక కాగితం, దాని మీద పెన్ను. అది నా సర్టిఫికెట్టే, నేను తలకిందులుగానే చదివేసినాను. నన్ను బల్లకి ఇవతల కూచోబెట్టినారు. సలోమి మూడో వరసలో కూచోనుండాది. ఒకాయన వీడియో తీస్తా ఉండాడు.

మేడం మైకు తీసుకొని నా గురించి చెప్పింది. ఏం చెప్పిందో చెప్తే మీకు కడుపు తరుక్కుపోతుంది. పట్టుదలంట. పేషెంట్లందరికీ ఆదర్శమంట. నేను తల వంచుకొని కూచున్నాను. వినయం అనుకొని చప్పట్లు కొట్టినారు.

నాకు రోబో తొడిగినారు. బల్లమీద గ్లాసుతో నీళ్లు పెట్టినారు. పెద్ద డాక్టరు నవ్వతా "మాస్టారూ, ఏం లేదు, జస్ట్ ఒక గుక్క నీళ్లు తాగి చూపించండి" అన్నాడు.

గ్లాసు మీద చెయ్యి పెట్టించినారు. గ్లౌజు మూసుకుంది. ప్రభువా అనుకొని రవ్వంత, చాలా రవ్వంత కదిలించినాను.

గుయ్‌!

అంతే సార్! చెయ్యి నా నోటికాడ ఆగలేదు. నోరు దాటింది, ముక్కు దాటింది, నెత్తి మీదకి పోయింది. గ్లాసులో నీళ్లన్నీ నా మొహం మీద పడినాయి. "అరే" అన్నాడు డాక్టరు. ఆయన ఇంకా ఏదో అనబోయినాడు. అంతలో చెయ్యి కిందకొచ్చింది.

ఠాప్!

గ్లాసు పడి ఎక్కడికో దొర్లిపోయింది. గ్లౌజు ఖాళీ కదా, దానికి ఏదో ఒకటి పట్టుకోవాల. కింద తెల్లగుడ్డ దొరికింది. ఇంకేం కావాల దానికి! పిడికిట పట్టి నెత్తి మీదకి లేపింది. ఠాప్! బిస్కెట్లు లేచినాయి. ఠాప్! పూలబొకే పోయి రెండో డాక్టరు ఒళ్లో పడింది. ఠాప్! మైకు బల్లమీద పడి కీచుమని అరిచింది. ఆ కీచులో నుంచి నా నడుం కాడ ఆ ఆడగొంతు, ఎంతో ప్రశాంతంగా, "చాలా బాగా చేస్తున్నారు."

నాలుగు దెబ్బలు. ఆగింది. హాల్లో అందరూ అయిపోయిందనుకున్నారు. ఒకాయన లేచి నా దగ్గరికి రాబోయినాడు.

అప్పుడు మూడో వరసలో నుంచి మా సలోమి లేచి నిలబడి అరిచింది.

"దగ్గరికి పోబాకండి సార్! అది గుడ్డ తిప్పుతా ఉండాది! ఇంకా నాలుగుండాయి!"

ఉండాయి సార్! ఆమె చెప్పింది చెప్పినట్టే! ఠాప్, ఠాప్, ఠాప్, ఠాప్! సలోమి ఆడనే నిలబడి "ఎడంపక్క ఎర్ర బటను నొక్కవయా, నొక్కు!" అని అరస్తా ఉండాది. నాకు ఎడమేదో కుడేదో తెలిసే స్థితిలో ఉండానా? ఇరవయ్యారేళ్లు పిల్లలకి లెఫ్ట్ రైట్ చెప్పినోణ్ణి! ఆఖరికి మేడం పరిగెత్తుకొచ్చి నా నడుం మీద చెయ్యేసి ఎర్ర బటను నొక్కింది. చెయ్యి దబ్బుమని ఒళ్లో పడింది, గుడ్డ పట్టుకొనే ఉండాది.

డాక్టర్లు ఒళ్లో పడిన బిస్కెట్లు దులుపుకుంటా ఉండారు. వీడియో తీసేటాయన మాత్రం తీస్తానే ఉండాడు. నా మొహంనుంచి నీళ్లు కారతా ఉండాయి. గంజిచొక్కా ఒంటికి అంటుకుపోయింది. పెద్ద డాక్టరు ముందర కాగితం లేదు, అది ఎగిరి బల్లకింద బిస్కెట్ల మధ్య పడుండాది. పెన్ను మాత్రం ఆయన చేతిలో ఉండాది.

పక్క గదిలోకి తీసుకపోయినారు. హేమలత మేడం లాప్‌టాప్ తెరిచి, మిషన్‌కి వైరు పెట్టి, ఐదు నిమిషాలు చూసింది. ఫోనుకి లెక్కా, చెయ్యి లేచే ఎత్తూ మాత్రమే పోతాయంట, లోపలి సంగతులు ఇట్టా వైరు పెడితేనే కనిపిస్తాయంట. నాకు ముందే చెప్పుంటే బాగుండు.

"మాస్టారూ" అనింది. "మొదటి మూడు రోజులు ఒక చెయ్యి. నాలుగో రోజు నుంచి ఇంకో చెయ్యి."

నేను నోరు తెరిచినాను. చెప్పాను కదా, నోటికి ఏం కాలేదని. "మేడం, ఆ రోజు కొంచెం కడుపునొప్పి..."

అన్నాక నాకే వినపడింది. ఆరో తరగతి పిల్లకాయ నాలోనుంచి మాట్లాడినాడు. ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు నేను పిల్లకాయల్ని చూసే చూపే.

నన్ను వదిలేసి సలోమి వైపు తిరిగింది. "అమ్మా, ఈ రెండో చెయ్యి మీదేనా?"

సలోమి తల ఊపింది.

"మొదటి వారంలో మీ చెయ్యి సొంతంగా సగం పైన లేవలేదు. మిగతాదంతా మిషనే లేపింది. మీ భుజం పట్టేసి ఉండాది. నొప్పి ఎన్నాళ్లుగా?"

"ఈయనకి చెయ్యి పడినప్పట్నుంచి" అనింది సలోమి. "స్నానానికి ఆ చెయ్యి ఎత్తి పట్టుకోవాల కదమ్మా. మంచం మీదనుంచి లేపాల. గ్యాసు బండ జరపాల. జడ వేసుకునేదానికి కూడా చెయ్యి పోయేది కాదు. మస్తానమ్మక్క వేసేది."

"ఇప్పుడు?"

సలోమి చెయ్యెత్తింది. బెల్టులేం లేవు, బ్యాటరీ లేదు. చెవి పక్కనుంచి నేరుగా పైకి పోయింది.

హేమలత మేడం లాప్‌టాప్ మూసింది. "మిషను పనిచేసింది మాస్టారూ. చాలా బాగా పనిచేసింది. మీకు తప్ప."

ఐదు నెలలు సార్. ఒకే ఇల్లు, ఒకే మంచం. ఆమె జడ పక్కింటామె వేస్తా ఉందని నాకు తెలీదు. నన్ను లేపేటప్పుడు "అమ్మా" అంటే అదేదో ఊరికే అలవాటు అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయినాను ఆ గదిలో. డాక్టర్ల ముందర తడిసి ముద్దైనప్పుడు కూడా అంత సిగ్గనిపించలా.

"చెప్పొచ్చు కదా మే" అన్నాను.

"నువ్వడిగినావా?" అనింది. కోపంగా కూడా అన్లేదు. కోపంగా అన్నా బాగుండు.

పెద్ద డాక్టరు వచ్చినాడు. నా చెయ్యి పట్టుకొని ఎత్తమన్నాడు. ఎత్తినాను. నడుం. "రెండు నెలల తర్వాత రండి" అన్నాడు. పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. అంటే స్కూలు తెరిచేటప్పటికి విజిలు నీదే సుధాకర్ సారూ. నవ్వబాక, ఏడుగురు. కబడ్డీకి ఏడుగురు. రాసి పెట్టుకో.

మిషను వెనక్కి తీసుకుంటారేమో అనుకున్నాను. తీసుకోలా. ఇంకో నెల మా ఇంట్లోనే ఉంచినారు, సలోమి పేరు మీద! తయారుచేసినాయన ఆమె దగ్గరికొచ్చి, ఉతికేటప్పుడు నీళ్లు పోకుండా ఏం చుట్టినారమ్మా అని అడిగి, రెయిన్‌కోటు సంగతి పుస్తకంలో రాసుకున్నాడు. నాకేం ఇచ్చినారో తెలుసా? ఒక తాడు. తలుపు మీద కప్పీ వేసి దాంట్లోంచి తాడు, ఒక కొస ఎడమచేతికి, ఒక కొస కుడిచేతికి. ఎడమచేత్తో లాగితే కుడిది లేవాల. రోజుకి మూడొందలు. దానికి బ్యాటరీ లేదు, లెక్క పెట్టే గొంతు లేదు. లెక్క సలోమి పెడతా ఉండాది. నూటా పది దగ్గర ఆగినాననుకోండి, "దయచేసి మరొకసారి ప్రయత్నించండి" అని ఆ గొంతుతోనే అంటుంది. అచ్చం అట్నే వచ్చేసింది ఆమెకి.

నిన్న ఆదివారం. గుడిలో సాక్ష్యాల టైము. పాస్టరయ్యగారు "ఈ వారం ప్రభువు మేలు చేసినవాళ్లు ఎవురైనా చెప్పండి" అన్నాడు. సలోమి లేచింది. నేను ఆమె చీర కొంగు పట్టుకొని లాగినాను, ఎడమచేత్తో. ఆమె పట్టించుకోలా.

"సంఘానికి వందనాలు" అనింది. "ఐదు నెలలుగా నా కుడి భుజం పనిచేయలేదు. ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు పూర్తిగా బాగైంది. డాక్టర్లు మిషను ఇచ్చింది మా ఆయనకి. ఆయన బద్ధకించి నాకు తొడిగినాడు. ఈయన బద్ధకాన్ని కూడా దేవుడు వాడుకున్నాడు. అందుకు స్తోత్రం."

గుడి గుడంతా ఒక్కసారిగా నవ్వింది. అయ్యగారు ప్రసంగం పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత "మన సహోదరి కోసం అందరూ చేతులెత్తి దేవుణ్ణి స్తుతిద్దాం" అన్నాడు. గుడి నిండా చేతులు లేచినాయి. నా దగ్గర చదువుకున్న పిల్లకాయలవి, వాళ్ల అమ్మానాన్నలవి, మస్తానమ్మక్క ఏ రోజూ గుడికి రాదు, నిన్న నా కథ వినేదానికే వచ్చింది, ఆమెది కూడా. అందరికంటే ఎత్తులో సలోమిది, తిన్నగా పైకప్పుకేసి.

నేనూ ఎత్తబోయినాను. కుడిది. ఎంత బలముందో అంతా పెట్టి ఎత్తినాను, ప్రమాణపూర్తిగా, ఈసారి నిజంగా. నడుం దాటి, పక్కటెముకల దాకా వచ్చి ఆడ ఆగిపోయింది.

ముందర బెంచీలో ఒక ఆరో తరగతి పిల్లకాయ వెనక్కి తిరిగి చూసినాడు. "ఎత్తండి సార్" అన్నాడు.

ఇంకేం చేస్తాను? ఎడంచెయ్యి ఎత్తి ఆమెన్ అన్నాను.